నూట ఎనభై చినుకులు

వాన కురిపించడానికి గువ్వకి పదకొండు రోజులు పట్టింది.

అదేం చెరువులు నింపే వాన కాదు. లారీల బరువు తూచే కాటా దగ్గర అద్దాల గదిలో, పాత లాప్‌టాప్ తెర మీద, ఓ ఆటలోని జానెడు వీధిలో పడే వాన. దానికే అంత తంటా. మొదటి రోజు చినుకులు సూదుల్లా నిట్టనిలువునా దిగాయి. మూడో రోజు కాస్త గాలి పెడదామని చూస్తే వాన మొత్తం పక్కకి ఒరిగి పడుకుంది. ఐదో రోజు ఆరువందల చినుకులు వేసేసరికి లాప్‌టాప్ రొప్పడం మొదలెట్టి, ఆటలో నడుస్తున్న మనిషి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. చివరికి గువ్వకి తెలిసొచ్చిందేమిటంటే, వానకి అన్ని చినుకులు అక్కర్లేదు. నూట ఎనభై చాలు. కిందపడ్డ చినుకునే మళ్ళీ పైకి పంపి, కాస్త పక్కకి జరిపి పడేయాలి. దూరంవి సన్నగా, నెమ్మదిగా. దగ్గరవి లావుగా, గబగబా. నేల తాకిన చోట మూడు బొమ్మల్లో చిట్లి మాయమవ్వాలి. పదకొండో రోజు మధ్యాహ్నం, కంకర లారీకీ ఇటుక లారీకీ మధ్య దొరికిన ఖాళీలో, అది అచ్చం వానలాగే పడింది.

గువ్వ పక్కకి తిరిగి, "చూడు!" అంది.

పక్కన ఎవరూ లేరు. బిల్లులు కట్టలు కట్టే రబ్బరు బ్యాండ్ల డబ్బా ఉంది. గువ్వకి తన మీద తనకే ఒళ్ళు మండింది. రెండేళ్ళయింది, ఇంకా మెడ అటే తిరుగుతోంది.

ఆట సంగతి చెప్పాలి. కొండవాలు మీద ఒక వంకర వీధి, పద్నాలుగు ఇళ్ళు, ఉత్తరాలు పంచే ఒకావిడ. పొద్దుగూకేలోగా ఎవరి ఉత్తరం వాళ్ళకి ఇచ్చెయ్యాలి, అంతే ఆట. ఇళ్ళకి ముందు గోడ ఉండదు, లోపలి మంచాలూ కుర్చీలూ అన్నీ కనిపిస్తుంటాయి. బొమ్మలన్నీ వదిన వేసింది. ఆ బొమ్మల్ని కదిలించే ప్రోగ్రాం రాతంతా గువ్వది. సాయంత్రం పనుల నుంచి రాగానే రెండు కుర్చీలు, ఒక మౌసు, ఒకటే పోట్లాట. వదిన తెర మీద వేలు పెట్టి చూపించేది, గువ్వ తుడుచుకునేది. "ఆకాశం ఒక్కటీ మిగిలిపోయిందే గువ్వా. ఎండా, వానా, మంచూ, గాలీ. రేపు మొదలెడదాం" అంది వదిన ఒకరోజు. ఆ రేపు రానే లేదు. అన్నయ్యా వదినా విడిపోయారు. కాగితాల మీద ఇద్దరు సంతకాలు పెట్టారు. మూడో మనిషిని ఎవరూ అడగలేదు.

ఇసుక లారీ కాటా ఎక్కింది. గువ్వ తెరని ఓ పక్కకి తోసి అంకెల వంక చూసింది. అంకెలు కాసేపు ఊగి, నిలబడ్డాయి. చీటీ బరబరా బయటికొచ్చింది. దాని కోసం గదిలోకొచ్చిన డ్రైవరు బాబాయ్ చీటీ తీసుకోవడం మానేసి లాప్‌టాప్ మీదకి వంగాడు. ఆయనకి మీసాల్లోంచి నవ్వడం అలవాటు.

"ఏంటమ్మా, వానా?"

"వానే బాబాయ్. ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. వైపర్ వెయ్యాలనిపిస్తోంది." కళ్ళు చికిలించి ఇంకా దగ్గరికి వంగాడు. "అవునూ, ఇదేంటి? మంచం మీద కూడా పడుతోంది? ఇంటికి కప్పు లేదా?"

గువ్వ చూసింది. నిజమే. పద్నాలుగు ఇళ్ళలోనూ వాన పడుతోంది. మంచాల మీద, కుర్చీల మీద, పొయ్యి మీద. పదకొండు రోజులుగా చినుకుల్నే చూస్తూ కూర్చుంది గానీ, అవి ఎక్కడ పడుతున్నాయో చూసిన పాపాన పోలేదు.

"నా ఇల్లూ ఇంతేలే. నన్ను చూసి గీశావేంటి కొంపదీసి?" అని డ్రైవరు బాబాయ్ చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తప్పెక్కడుందో గువ్వకి వెంటనే తెలిసింది. కప్పూ గోడలూ లోపలి సామానూ కలిపి ఒకే బొమ్మగా ఉన్నాయి. ఇది కప్పు, ఇక్కడ ఆగు అని చినుక్కి చెప్పే దారి లేదు. వదిన గీసేటప్పుడు మాత్రం అన్నీ వేరువేరుగానే గీస్తుంది. కప్పు వేరు, గోడ వేరు, మంచం వేరు. ఆ అసలు ఫైళ్ళు ఆవిడ దగ్గరే ఉన్నాయి. నిజం చెప్పుకోవాలంటే, గువ్వ తనే ఒక్కో కప్పు మీదా గీతలు గీసుకుని వానని ఆపుకోవచ్చు. రెండు రోజుల పని. అది గువ్వకీ తెలుసు. తెలిసే, వదినని అడగక తప్పదని తనకి తాను నచ్చజెప్పుకుంది. ఆ మాట అనుకున్నాక, తర్వాత వచ్చిన లారీ బరువు రెండుసార్లు చూడాల్సి వచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ ముందుగదిలో కుర్చీల గలీబులు మారుస్తోంది. కుడి మణికట్టు దగ్గర ఎముక కొంచెం వంకరగా అతికింది. బరువు ఎత్తాల్సి వస్తే ఎడంచెయ్యి సాయం పెట్టుకుంటుంది. బస్ డిపోలో టైమ్‌కీపర్‌గా చేసే అన్నయ్య స్టూలెక్కి బల్బు మారుస్తున్నాడు.

"ఆదివారం అన్నయ్యకి సంబంధంవాళ్ళొస్తున్నారే" అంది అమ్మ. "ల్యాబులో రక్తపరీక్షలు చేసే అమ్మాయి. ఆవిడక్కూడా ఒకసారి పెళ్ళయి విడిపోయిందిలే. వాళ్ళక్కా, పెదనాన్నా కూడా వస్తారు. మొదటిదాని సంగతి అడక్క మానరు. మనం ముగ్గురం ఒకే మాట మీద ఉండాలి."

"ఏ మాట మీద?" అంది గువ్వ.

"ఏ మాటేంటే? ఉన్న మాటే. ఆట పిచ్చిలో పడి ఇల్లు పట్టించుకునేది కాదు. నన్ను కళ్ళాస్పత్రిలో వదిలేసి రంగులు కొనుక్కోడానికి పోయింది. కళ్ళలో చుక్కలు వేస్తే దారి కనపడక మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఇందులో అబద్ధమేముంది?"

గువ్వ తేలుకుట్టిన దొంగలా నిలబడింది. స్టూలు మీంచి అన్నయ్య, "పాతవన్నీ ఇప్పుడెందుకమ్మా" అన్నాడు గానీ, ఆ గొంతులో అమ్మని ఆపాలన్న పట్టుదల లేదు. బల్బు వెలిగింది. గువ్వ దిండు గలీబు అందుకుని తొడగడం మొదలెట్టింది. తొడిగి తిప్పి చూస్తే తిరగేసి తొడిగినట్టు తేలింది.

మర్నాడు కాటా దగ్గర సగం రోజు సెలవు పెట్టింది. వదిన పనిచేసే చోటు రెండు బస్సుల దూరం. గుడ్డసంచుల మీద, చొక్కాల మీద బొమ్మలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపు. రెండేళ్ళలో ఆ వీధి మొదటి దాకా గువ్వ నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ అక్కడ్నుంచే వెనక్కి తిరిగింది. ఈసారి చంకలో లాప్‌టాప్ ఉంది, నోట్లో సాకు ఉంది.

వదిన పొడుగాటి బల్ల ముందు నిలబడి ఉంది. ఫ్రేము దించడం, రంగు పొయ్యడం, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగడం, ఫ్రేము ఎత్తడం. సంచి మీద నీలం చేప. పక్కనున్నతను సంచి తీసి తీగకి క్లిప్పు పెడతాడు. మళ్ళీ ఫ్రేము దించడం. జుట్టు కురచగా కత్తిరించుకుంది. మోచేతుల దాకా నీలం. గువ్వ గుమ్మంలో నిలబడి పదకొండు చేపలు లెక్కపెట్టింది.

"నిలబడతావా, లోపలికొస్తావా?" అంది వదిన తలెత్తకుండానే.

"వదినా…"

"ఆ పిలుపు వద్దు. ఇక్కడ అర్థాలు చెప్పుకోలేను." మరో చేప. "ఎవరికైనా బాగోలేదా?"

"అందరూ బానే ఉన్నారు. ఆటలో వాన పెట్టాను."

రబ్బరు పట్టీ సగంలో ఆగింది. అలా ఆగకూడదు, ఆగితే రంగు ముద్దగా దిగుతుంది. చేప తోక దగ్గర మరక తేలింది. వదిన ఆ సంచి తీసి పక్కన పడేసి, చేతులు తుడుచుకుంటూ, "ఏదీ?" అంది.

రంగుడబ్బాల బల్ల మీద చోటుచేసి లాప్‌టాప్ తెరిచారు. కూర్చోడానికి ఒక్క స్టూలే ఉంది, ఇద్దరూ నిలబడ్డారు. ఉత్తరాలావిడ సంచి తగిలించుకుని వానలో వీధి ఎక్కుతోంది. వదిన తెర మీదకి వంగి చూసింది. తర్వాత నీలపు వేలు తిన్నగా తెర మీద పెట్టేసింది.

"నేల పొడిగా ఉందేం? ఇంత వాన పడుతుంటే నేల రంగు మారదా? నల్లబడాలి. ముందు చుక్కలు చుక్కలుగా, తర్వాత మొత్తం. మెట్ల అంచులు మెరవాలి. ఈవిడ సంచి మీద చెయ్యి అడ్డంపెట్టుకోవాలి, ఉత్తరాలు తడవ్వూ? మొద్దూ! వాన అంటే చినుకులేనా?"

"మొద్దూ" అన్న మాట గువ్వ చెవిలోనే ఉండిపోయింది. రెండేళ్ళుగా ఎవరూ అలా తిట్టలేదు. ఇంట్లో అందరూ మర్యాదగా ఉంటున్నారు.

"ఇళ్ళలో పడుతోందేంటి?" అంది వదిన.

"అందుకే వచ్చాను. కప్పులు విడిగా కావాలి. నీ దగ్గర అసలు ఫైళ్ళు…"

వదిన తెర మీంచి వేలు తీసింది. "ఓహో. కప్పుల కోసం వచ్చావు."

"కాదు. అంటే, అవును. కాదు." మింగలేక కక్కలేక గువ్వ లాప్‌టాప్ మూత అంచు పట్టుకుంది. "ఆ రోజు ఆస్పత్రికి వెళ్ళాల్సింది నేను. అమ్మ నాకే చెప్పింది. నేను తలుపు తెరుచుకోవట్లేదని, ఆటలో తలుపు, అదే చూస్తూ కూర్చుండిపోయాను. టైము చూసేసరికి పన్నెండు. నిన్ను అందరూ అంటుంటే నేను…"

"నాకు తెలీదా?"

గువ్వ తలెత్తింది.

"మీ అమ్మ గుమ్మంలో నిలబడి, 'పదింటికల్లా రావాలే గువ్వా, చుక్కలేస్తే ఒక్కదాన్నీ రాలేను' అంటున్నప్పుడు నేను అక్కడే చెప్పులు వేసుకుంటున్నాను. నువ్వు సరే అన్నావనే కదా నేను బజారుకి వెళ్ళింది?"

"అయితే అమ్మకి…"

"ఆవిడకి గుర్తులేదనుకున్నావా? రెండువైపులవాళ్ళూ కూర్చుని మాట్లాడిన రోజు నేను నీ వంకే చూశాననుకుంటున్నావు కదూ? ముందు మీ అమ్మ వంక చూశాను. ఆవిడ గోడ చూసింది. అప్పుడు నీ వంక చూశాను. నువ్వు గోళ్ళు చూసుకున్నావు."

"నువ్వైనా చెప్పుండొచ్చు కదా?"

"కోడలు చెబితే తప్పించుకుంటోంది అంటారు. అదే మాట కూతురు చెబితే నిజమంటారు. అందుకని ఆగాను." వదిన గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "మీ అన్నయ్యతో ఎలాగూ కుదిరేది కాదులే, అది వేరే సంగతి. విడిపోయి ఉండేవాళ్ళమే. కానీ ముసలావిడ చెయ్యి విరగ్గొట్టినదాన్ని అనిపించుకోకుండా విడిపోయేదాన్ని. మా ఇంట్లో కూడా ఇప్పటికీ అదే నమ్ముతారు, తెలుసా? మా అమ్మ ఏ మాటొచ్చినా 'నీకు జాగ్రత్త లేదే' అంటుంది."

అవతల సంచులు తీసే మనిషి, "రంగు ఆరిపోతోందమ్మా!" అని కేకేశాడు.

"వస్తున్నా" అని వదిన అటు తిరిగింది. ఒక అడుగు వేసి ఆగింది. "ఫైళ్ళు సాయంత్రం పంపిస్తాను. వాటికోసం మళ్ళీ రానక్కర్లేదు."

సాయంత్రం అన్నట్టే వచ్చాయి. పద్నాలుగు కప్పులు, పద్నాలుగు పేర్లు. పక్కన ఒక్క ముక్క రాసి లేదు. గువ్వ ఒక్కో కప్పునీ దాని ఇంటి మీద పెట్టి, చినుకులకి హద్దు చెప్పింది. వదిన అన్నట్టు నేల కూడా నల్లబడేలా చేసింది. శుక్రవారం మధ్యాహ్నానికి కప్పుల మీద వాన చిట్లి, చూరు వెంట జారి, వీధిలోకి పోయింది. ఇళ్ళలో ఒక్క చినుకూ పడలేదు. సంతోషించాల్సింది పోయి గువ్వ కాటా గదిలో కూర్చుని ఏడ్చింది. కోపంగా పంపినా ఇంత బాధ ఉండేది కాదు. అడగ్గానే ఇచ్చేసింది. ఇక ఏ సాకుతో వెళ్ళాలి? వదిన కావాలి. ఆవిడ కుర్చీ కావాలి, తిట్లు కావాలి, తెర మీద వేలిముద్రలు కావాలి. తెర మూలన ఇంకా నీలం మరక ఉంది. గువ్వ తుడవలేదు.

ఆదివారం పదకొండింటికి వాళ్ళొచ్చారు. పెదనాన్న అనే ఆయన చేతికర్రని గోడకి ఆనించి కూర్చున్నాడు. అది రెండుసార్లు జారిపడింది, రెండుసార్లూ అన్నయ్యే లేచి నిలబెట్టాడు. పెళ్ళికూతురు అనాలో వద్దో, ముప్పైఐదేళ్ళ మనిషి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. ఎక్కువ మాట్లాడలేదు. అన్నయ్య డ్యూటీ వేళలు అడిగింది, తన డ్యూటీ వేళలు చెప్పింది. మాటలు బానే సాగుతున్నాయి. గువ్వ వంటింట్లో టీ కప్పుల్లో పోసి, పళ్ళెం ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చింది.

అప్పుడే ఆ అమ్మాయి అక్క, "ఏమీ అనుకోకండి. మొదటి సంబంధం ఎందుకు చెడిందో మీ నోటితో వింటే మాకూ నిమ్మళంగా ఉంటుంది" అంది.

అమ్మ నిట్టూర్చి చెయ్యి ముందుకి చాపింది. "ఇదిగో, ఇది చూడండి. ఇంకేం చెప్పను? కళ్ళలో చుక్కలేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎదురుగా మనిషి కనపడడు. వస్తుంది వస్తుందని రెండు గంటలు చూశాను. ఆవిడగారు బొమ్మలకి రంగులు కొనుక్కుంటోంది…"

"అయ్యో!" అంది అక్క. పెదనాన్న తల ఊపాడు. గువ్వకి ఒక్కసారి తెలిసిపోయింది. ఈ మాట ఇక్కడితో ఆగదు. ఈ అక్క ఇంకెవరికో చెబుతుంది, వాళ్ళు మరొకరికి. ఎక్కడో నీలపు చేతులతో సంచులు అచ్చువేసుకునే మనిషి మీద ఇది పడుతూనే ఉంటుంది. గువ్వ పళ్ళేన్ని ముందుగదిలోకి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది.

"వస్తుంది వస్తుందని చూసింది నాకోసం కదమ్మా" అంది.

అమ్మ నవ్వబోయింది. "నువ్వూరుకోవే. టీ ఇవ్వు."

"పదింటికి నన్ను రమ్మన్నావు. గుమ్మంలో నిలబడి చెప్పావు, నేను సరే అన్నాను. సరే అని ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని మర్చిపోయాను. వదినకి ఆ పని ఎవరూ చెప్పలేదు. నీ చెయ్యి విరిగింది నావల్ల. ఆవిడ ఇంట్లోంచి వెళ్ళిపోయాక రెండేళ్ళుగా అందరం ఆవిడే అంటున్నాం. నేనూ అంటున్నాను, నోరు మూసుకుని."

అన్నయ్య నెమ్మదిగా అమ్మవైపు తిరిగాడు. "అమ్మా? నీకు తెలుసా?"

అమ్మ చేతిని ఒళ్ళోకి తీసుకుని మణికట్టు మీద కొంగు కప్పుకుంది. మొహం ఒక్కసారి చిన్నదైపోయింది. "ఏం చెయ్యమంటావురా? ఆవిడ ఎలాగూ పోయేదే. ఎలాగూ పోయేదాని మీద ఒక మాట పడితే ఏం? ఇది కన్నకూతురు. దీన్ని నలుగుర్లో నిలబెట్టి నేనెలా అనగలను?" అంది. తర్వాత గువ్వ వంక చూసి, "నీకోసమే కదే" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చింది. గువ్వకి అమ్మ మీద జాలీ, అసహ్యమూ రెండూ ఒకేసారి కలిగాయి. ఆ రెండూ తన మీద కూడా కలిగాయి.

పెదనాన్న చేతికర్ర కోసం తడుముకున్నాడు. అక్క, "సరే, ఇంక బయల్దేరదాం" అన్నట్టు చెల్లెలి భుజం తట్టింది. ఆ ల్యాబు అమ్మాయి మాత్రం లేవలేదు. గువ్వ వంక సూటిగా, ఏ కోపమూ లేకుండా చూసింది.

"మంచి పని చేశారు" అంది. "ఒక్కటి అడుగుతాను. ఈ మాట చెప్పడానికి మీకు రెండేళ్ళు పట్టింది కదా. రేపు నేను ఈ ఇంటికొస్తే, నా విషయంలో ఎన్నేళ్ళు పడుతుంది?"

గువ్వ పళ్ళెంలో కప్పులు సర్దుతూ ఉండిపోయింది. ఆవిడ కాసేపు ఎదురుచూసి, తన టీ కప్పు తనే అందుకుని, రెండు గుక్కలు తాగి, మర్యాదగా బల్ల మీద పెట్టి లేచింది. అన్నయ్య వాళ్ళతో పాటు వీధి గుమ్మం దాకా వెళ్ళాడు, తిరిగి లోపలికి రాలేదు. డాబా మెట్ల మీద కూర్చున్నాడు. అమ్మ తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

గువ్వ కప్పులు కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. రెండేళ్ళుగా ఉన్న నంబరే. ఆరు రింగుల తర్వాత ఎత్తారు.

"ఊఁ" అంది అవతలి గొంతు.

"చెప్పాను" అంది గువ్వ.

"ఏం చెప్పావు?"

"ఆస్పత్రి సంగతి. ఇవాళ. అన్నయ్యకి సంబంధంవాళ్ళొచ్చారు. అందరి ముందూ చెప్పాను."

పెట్టేసిందేమోనని గువ్వ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూసింది. పెట్టెయ్యలేదు. సెకన్లు నడుస్తున్నాయి.

"అందరూ అంటే ఎవరెవరు?" అంది వదిన.

"అమ్మ, అన్నయ్య. ఆ అమ్మాయి, వాళ్ళక్క, వాళ్ళ పెదనాన్న."

"మీ అన్నయ్య విన్నాడా?"

"విన్నాడు. నీకు తెలుసా అని అమ్మని అడిగాడు. అమ్మ తెలుసంది."

"నోటితో అందా?"

"నోటితోనే అంది. ఎలాగూ పోయేదాని మీద ఒక మాట పడితే ఏం అంది."

వదిన గట్టిగా గాలి పీల్చుకోవడం వినిపించింది. "ఆ అమ్మాయేమంది?"

"నా విషయంలో ఎన్నేళ్ళు పడుతుంది అని అడిగింది."

చిన్న నవ్వు వినిపించింది. నవ్వులాగే మొదలైంది గానీ చివరికి నవ్వులా లేదు. "గట్టి పిల్ల. నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేకపోయాను."

గువ్వ ఎదురుచూసింది. ఇంటికి రా అంటుందేమో, మొద్దూ అంటుందేమో, ఇక ఫోన్ చెయ్యకు అంటుందేమో. దేనికైనా సరే అనడానికి సిద్ధంగా ఉంది. వదిన అవేవీ అనలేదు. ముక్కు ఎగబీల్చింది, కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడైంది.

"మళ్ళీ చెప్పు" అంది. "మొదట్నుంచీ. గబగబా కాదు, మెల్లిగా. నువ్వెక్కడ నిలబడ్డావో, ఎవరు ఎక్కడ కూర్చున్నారో, అన్నీ."

గువ్వ వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి, పళ్ళెం ఎత్తుకుని గుమ్మం దాకా రావడం దగ్గర మొదలుపెట్టింది.